మంగా, చెవి వచ్చింది

మంగా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. ఉత్తరం మొదట్లో అవతలివాళ్ళ క్షేమం అడగాలి కదా... నీ విషయంలో ఆ మాట ఎలా రాయాలో తెలియక దాటేస్తున్నాను.

నీకు చదువు రాదు. నువ్వు పుట్టింట్లో ఉన్నప్పుడు నేను రాసిన ఉత్తరాలు మీ లంకలో బడిపంతులు గారి చేత చదివించుకునేదానివి. "ఆయన పైకి చదువుతుంటే సిగ్గేస్తోందండీ. వానలూ వడ్ల ధరలూ తప్ప ఇంకేం రాయకండి" అని ఒకసారి కబురు పంపావు. ఇవాళ మన మధ్య పంతులు గారు లేరు. అందుకని అన్నీ రాస్తాను.

చెవి వచ్చింది మంగా.

పెట్టుకునే కూర్చుని రాస్తున్నాను. కళ్ళజోడు జారడం లేదు. దారం లేదు, తలగుడ్డ లేదు. ఎడమ చేత్తో జోడు పట్టుకుని కుడి చేత్తో రాసే అవస్థ లేదు. అక్షరాలు ఎంత బుద్ధిగా వరసలో కూర్చున్నాయో చూడు. నువ్వు చూస్తే మురిసిపోయేదానివి. చదవలేకపోయినా, వంకర లేకుండా రాస్తే నీకు ఇష్టం కదా!

నీకు తెలిసినవే అయినా మొదటినుంచీ రాస్తాను. మన చిట్టి పెద్దదయ్యాక చదువుకుంటుంది. దానికి అప్పట్లో ఏమీ తెలియని వయసు.

నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. కొల్లేటి నీళ్ళలో వల వేసే చేతులు మా నాన్నవి, మా తాతవి. నాకు చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. దోనె ముందు భాగాన కొంగ వాలినా నాకు తెల్లటి మరకలా కనిపించేది. వీడు వలకి పనికిరాడని నాన్న నన్ను ఏలూరులో చుట్టాలింట పెట్టి బళ్ళో వేశాడు. అక్కడ మేష్టారు కనిపెట్టి కళ్ళజోడు పెట్టించారు. థర్డుఫారం దాకా చదివాను. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు గుమస్తా పని దొరికినప్పుడు, మా లంకలో వాళ్ళంతా నన్ను తాసీల్దారు అయినట్టే చూశారు.

పెద్ద పనేం కాదు. బండ్ల మీద వచ్చే ధాన్యాన్ని కాటా వేయించి, తూకం చీటీ రాసివ్వడం. కానీ అంకె ఒక్కటి తప్పితే అటు రైతుకో, ఇటు మిల్లుకో నష్టం. ఆ పని నా కళ్ళజోడు మీద నడిచేది. కళ్ళజోడు నా చెవుల మీద నడిచేది. ఆ రెండో సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఎవరికి మాత్రం తడుతుంది?

ఆ రోజు ఇంజను బెల్టు అతుకు దగ్గర తెగింది. నేను సంచుల వరస చూడటానికి లోపలికి వెళ్ళాను. పెద్ద చప్పుడు వినబడింది... అంతే గుర్తుంది. తెగిన బెల్టు కొరడాలా వచ్చి ఎడమ పక్క తగిలిందట. అంగుళం ఇటు తగిలితే తల ఉండేది కాదన్నారు. చెవి డొప్ప ఊడిపోయింది. ఏలూరు పెద్దాసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరు గారు, లోపలి వినికిడికి ఏమీ కాలేదనీ, నేను అదృష్టవంతుణ్ణనీ చెప్పారు.

నువ్వు పుట్టింటి నుంచి పడవెక్కి, కాలవ దిగి, ఆసుపత్రికి వచ్చేసరికి నీ చీర అంచు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. మంచం పక్కన నిలబడి మొదట అడిగింది ఒక్కటే.

"నా మాట వినబడుతోందాండీ?"

వినబడుతోందన్నాను.

"అయితే నేను ఏడవనండీ" అన్నావు. అని, కూర్చుని ఏడ్చావు.

మిల్లు షావుకారు గారిని నువ్వు ఎన్ని అన్నా, నేను ఒక్క మాట చెప్పాలి. ఆసుపత్రి ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. మంచంలో ఉన్నన్నాళ్ళూ జీతం కోయలేదు. అంతకు ముందు హమాలీ గవర్రాజుకి బస్తాల వాము కూలి కాలు పోతే, మద్రాసు నుంచి కర్రకాలు తెప్పించి ఇచ్చారు. గవర్రాజు ఆ కాలుతో టకటకా నడుస్తుంటే వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

అందుకే చెవి సంగతి అడగటానికి నేను పెద్దగా జంకలేదు. ఆయన నవ్వారు. కోపంగా కాదు, చిన్నపిల్లవాడు గాలిపటం అడిగితే నవ్వినట్టు.

"కాలు లేకపోతే నడవలేడండీ గవర్రాజు. మీకు శుభ్రంగా వినబడుతోంది కదండీ గుమస్తా గారూ. ఇంక డొప్పెందుకండీ? అది సోకు కాదటండీ?"

ఏలూరులో ప్లీడరు గారిని అడిగాను. మిల్లుల్లో దెబ్బలు తగిలితే డబ్బివ్వాలని చట్టం ఉందట. వేలికింత, చేతికింత, కంటికింత అని వరసగా రాసి ఉందట. చెవుడు వస్తే ఇస్తారట గానీ, చెవి డొప్ప ఆ వరసలో ఎక్కడా లేదన్నారు. "వినికిడి ఉండటం మీ దురదృష్టమండీ" అన్నారు ఆయన. హాస్యానికే అన్నారు. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

కళ్ళజోడుకి ఎడమ కాడ ఆనుకునే చోటు లేదు మంగా. దారం కట్టి తల చుట్టూ తిప్పాను. కింద చీటీ చూసి పైకి కాటా చూసేసరికి ఒక పక్కకి ఒరిగిపోయేది. ఒక కంటికి అద్దం, ఒక కంటికి ఫ్రేము. అత్తిలి నుంచి వచ్చిన రైతు బండికి తూకం తప్పు రాశాను. ఆయన మంచివాడు కాబట్టి వెనక్కి తిరిగి వచ్చి చెప్పాడు. ఆ తరవాత ఇంకొకటి తప్పింది. షావుకారు గారు గట్టిగా ఏమీ అనలేదు. కాటా దగ్గర కొత్త మనిషిని పెట్టి, నన్ను గోనె సంచులు లెక్కపెట్టే షెడ్డుకి పంపారు. జీతమూ దానికి తగ్గట్టే అయింది. వడ్ల ధర పడిపోయి మిల్లులే మూతపడుతున్న రోజులు. పని ఉంచారు, అదే పదివేలు అనుకున్నాను.

నువ్వు అనుకోలేదు.

మీ నాన్న వలలకి కట్టే జీలుగు బెండు ముక్క ఒకటి తెచ్చావు. కత్తిపీట ముందు వేసుకున్నావు. నన్ను పక్కకి తిప్పి కూర్చోబెట్టి, కుడి చెవి చూస్తూ చెక్కడం మొదలుపెట్టావు. "కదలకండి", "నవ్వకండి", "ఏంటండీ ఈ చెవిలో ఇన్ని మెలికలు, ఇన్నేళ్ళూ నేను చూడనే లేదు" అంటూ సాయంత్రం దాకా చెక్కావు. ఎంత చక్కగా వచ్చిందో! తీరా ఎడమ పక్క పెట్టి చూస్తే, వెనక్కి తిరిగి ఉంది. కుడి చెవి చూసి కుడి చెవే చెక్కావు.

అప్పుడు నవ్విన నవ్వు నాకింకా వినబడుతోంది. "రెండు కుడి చెవుల మొగుడు దేశంలో నాకొక్కదానికేనండీ" అని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వావు. దెబ్బ తగిలాక మన ఇంట్లో అదే మొదటి నవ్వు.

రెండోది సరిగ్గా వచ్చింది. పసుపూ కావీ కలిపి రంగు వేశావు. కళ్ళజోడు కాడకి దారంతో కట్టి, వెనక పక్క గంజి రాసి అంటించావు. కళ్ళజోడు నిలబడింది! ఎండిన రోజున బాగానే ఉండేది. చెమట పడితే మెడ మీదికి పసుపు కారేది. గంజికి చీమలు పట్టేవి. ఒకసారి సంచులు లెక్కపెడుతుంటే చెవిలోంచి చీమల బారు చొక్కా మీదికి దిగింది. హమాలీలు పడీపడీ నవ్వారు. ఇంటికి వచ్చి ఇంక పెట్టుకోనని తీసి పక్కన పడేశాను.

నువ్వు తీసి, తుడిచి, నా ఒళ్ళో పెట్టావు.

"లేని చెవిని చూసి ఎవరూ నవ్వరండీ. జాలిపడతారు. నవ్వుతున్నారంటే చెవి వచ్చినట్టే."

ఇలాంటి మాటలు నీకు ఎక్కడి నుంచి వచ్చేవి? అడుగుదామనుకునేవాణ్ణి. తరవాత అడగొచ్చులే అనుకునేవాణ్ణి.

ఏలూరులో పళ్ళు కట్టే డాక్టరు ఉన్నాడని, పళ్ళ సెట్టుకి అడుగున వేసే గట్టి రబ్బరుతో ముక్కులూ చెవులూ కూడా చెయ్యొచ్చునని నీకు చెప్పింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. రైలెక్కించి తీసుకెళ్ళావు. ఆయన ఎప్పుడూ చెవి చెయ్యలేదన్నాడు. చదువుకునే రోజుల్లో మద్రాసులో, యుద్ధంలో మొహం దెబ్బతిన్న సిపాయికి ఒకటి చెయ్యగా చూశాడట. చేస్తానన్నాడు. ఖర్చు చెప్పాడు. నెలల తరబడి నా జీతంలో పైసా ముట్టుకోకుండా ఉంటే తప్ప తేలని ఖర్చు. నేను లేచి నిలబడ్డాను. నువ్వు లేవలేదు. "మళ్ళీ వస్తామండీ, మీరు మా చెవి గుర్తుపెట్టుకోండి" అని చెప్పి అప్పుడు లేచావు.

గూడెంలో దిగి, ఇంటికి వెళ్దామంటే వినకుండా తిన్నగా షావుకారు గారింటికి నడిచావు. నేను వెనకాలే వచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నువ్వు మెట్టు కింద నిలబడి, కొంగు భుజం మీదుగా కప్పుకుని, మెల్లగానే అడిగావు.

"అయ్యగారండీ, తమరికి ముందు పళ్ళు పోతే కట్టించుకున్నారు కదండీ?"

అవునన్నారు ఆయన.

"నమిలేవి దవడ పళ్ళేనండీ. అవి తమరికి ఉన్నాయి. మరి ముందువి ఎందుకు కట్టించుకున్నారండీ?"

ఆయన మొహం ఎర్రబడింది. లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తలుపు చప్పుడుతో నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఇంటి దారి పట్టాం. పట్టాలు దాటాక నువ్వే అన్నావు. "తప్పా అండీ?" నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ నువ్వే అన్నావు. "పెద్దాయన్ని అలా అడగటం తప్పేమో గానీ, అడిగిన మాట తప్పు కాదండీ. ఆయన దానం చేస్తే మనకొద్దు. బెల్టు ఆయనది. చెవి మనది. అంతేనండీ."

ఆ తరవాత ఎవరినీ అడగలేదు నువ్వు. లంక నుంచి ఎండు చేపలు తెచ్చి సంతలో అమ్మడం మొదలుపెట్టావు. చిట్టిని చంకన వేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని. వచ్చింది వచ్చినట్టు మీ అమ్మ దగ్గర దాచావు. గుమస్తా పెళ్ళాం చేపలమ్ముతోందని నలుగురూ అంటే, "చేపలు పట్టేవాళ్ళ కూతుర్ని చేపలమ్మక చీరలమ్ముతానా అండీ" అన్నావు.

ముంపు వచ్చిన ఏడది. కొల్లేరు పొంగి లంకల్లో ఇళ్ళ గుమ్మాల దాకా నీళ్ళు. మీ వాళ్ళని చూడ్డానికి వెళ్ళి చలిజ్వరంతో తిరిగి వచ్చావు. అందరికీ వచ్చేదే, పోతుందిలే అనుకున్నాం. పోలేదు. మీ అమ్మని అడిగి ఆ డబ్బు తెప్పించాను. డాక్టరు గారిని ఇంటికి పిలిపించాను. సూదిమందు వేయించాను. నీకు తెలివి వచ్చినప్పుడు చెప్పాను.

నా వైపు ఎంత కోపంగా చూశావు! "చెవి అమ్మేసి మందు కొన్నారా?" అన్నావు. "అది నా డబ్బు కాదండీ. ఆ చెవి డబ్బు." గోడ వైపు తిరిగి పడుకున్నావు. కొంచెం సేపటికి ఇటు తిరిగి నా చెయ్యి పట్టుకున్నావు.

అదే ఆఖరు కోపం. నేనేం చెయ్యను మంగా? కావాలంటే మిగిలిన చెవినీ అమ్మేవాణ్ణి.

ఆ తరవాత సంగతులు నీకు తెలియవు. అవే చెప్పాలి.

మీ అమ్మ వచ్చి నాతోనే ఉంటోంది. చిట్టికి అన్నం పెట్టేది, జడ వేసేది అత్తయ్యే. లంక వదిలి ఎలా ఉంటుందో అనుకున్నాను గానీ, గూడెంలో కూడా కాలవ గట్టున కూర్చుని నీళ్ళు చూసుకుంటుంది. నిన్ను తలుచుకుని నా ముందు ఏడవదు. నేనూ ఆవిడ ముందు ఏడవను. ఇద్దరం చిట్టి ముందు నవ్వుతాం.

బెండు చెవి పెట్టుకోవడం మానేశాను. తలగుడ్డ చుట్టుకుని మిల్లుకి వెళ్ళేవాణ్ణి. చీటీలతో పని లేదు కాబట్టి కళ్ళజోడూ తీసేశాను. సంచులు చేత్తో తడిమి లెక్కపెట్టొచ్చు. మనుషులు మసగ్గా కనిపించేవారు. అదే బాగుండేది. ఎవరు జాలిపడుతున్నారో, ఎవరు నవ్వుతున్నారో తెలిసేది కాదు... ఎన్నాళ్ళు అలా ఉన్నానో!

ఒక రోజు షావుకారు గారు కబురు పెట్టారు. సంచుల షెడ్డు ఎత్తేస్తున్నారేమో అనుకుంటూ వెళ్ళాను. ఆయన ఒక్కరే ఉన్నారు. కూర్చోమన్నారు. ఆయన ముందు నేనెప్పుడూ కూర్చోలేదు. మళ్ళీ అన్నారు, కూర్చున్నాను.

"మీ ఆవిడ ఆ రోజు ఒక మాట అడిగారండీ" అన్నారు.

చేతులు జోడించాను. "తెలియక అడిగిందండీ. చనిపోయిన మనిషి, మనసులో పెట్టుకోకండి" అన్నాను.

"అది కాదండీ. నాకు జవాబు తెలియలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. దవడలతోనే నములుతున్నాను, మరి ఈ ముందువి ఎందుకు? ఆవిడ పోయారని తెలిశాక మరీ ఎక్కువైందండీ." పద్దు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. "నలుగురిలో నోరు తెరవడానికండీ. పళ్ళు లేనప్పుడు నేను ఊళ్ళో పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. ఆ సంగతి నేనే మర్చిపోయాను. మరి మీకూ నలుగురున్నారు కదండీ."

మొత్తం ఖర్చు ఆయనే పెట్టుకుంటానన్నారు. పద్దు పుస్తకం నా ముందుకి తోసి, ఇప్పుడే రాసెయ్యండి అన్నారు. కళ్ళజోడు జేబులోంచి తీసి, ఎడమ చేత్తో కళ్ళ ముందు పట్టుకుని కలం తీశాను. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. దానమైతే మనకొద్దని.

"ఏ పద్దు కింద రాయమంటారండీ?" అని అడిగాను. ధర్మం పద్దు అంటారేమో... అంటే ఏం చెయ్యాలి? వద్దని లేచి వచ్చెయ్యగలనా?

ఆయన ఆలోచించారు. నీలాగే ఆయనకీ ఆలోచించేటప్పుడు కింది పెదవి పట్టుకునే అలవాటుంది.

"ఇంజను మరమ్మతులు అని రాయండి" అన్నారు.

రాశాను మంగా. వంకర లేకుండా రాశాను.

ఏలూరు పళ్ళ డాక్టరు గారు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఆవిడేరీ అని అడిగాడు. చెప్పాను. సుద్దలాంటి పిండి తడిపి కుడి చెవికి అచ్చు తీశాడు. ఎడమ పక్క మచ్చకీ అచ్చు తీశాడు. ఆ అచ్చు చూస్తూ మైనంతో ఎడమ చెవి చెక్కుతుంటే, "కుడి చెవి చెక్కేరండీ, జాగ్రత్త" అన్నాను. ఎందుకలా అన్నానో చెబితే, ఆయన కత్తి పక్కన పెట్టి నవ్వాడు. ఆ గదిలో నువ్వు కూడా ఉన్నట్టే అనిపించింది.

రబ్బరు చెవి మొదట చిగుళ్ళ రంగులో వచ్చింది. పళ్ళ కోసం తెప్పించే రబ్బరు కదా, అదొక్కటే రంగట! పెట్టుకుంటే చిలక ముక్కు అతికించినట్టుంది. ఆయన నన్ను నాటకాల కంపెనీలో మొహాలకి రంగులు వేసే మనిషి దగ్గరికి పంపించాడు. ఆ రంగుల మనిషి నన్ను వీధిలో ఎండలో నిలబెట్టి, నా మెడ పక్కన వేలు పెట్టి చూసుకుంటూ, నాలుగు డబ్బాల్లోంచి రంగు కలిపాడు. "ఈ రంగు ఏ సీసాలోనూ రాదండీ, మన రంగు మనమే కలుపుకోవాలి" అన్నాడు. గడ్డాలూ మీసాలూ అంటించే బంక ఒక సీసా ఇచ్చాడు. దానికి చీమలు పట్టవు. ఇంకా గట్టిదనం కోసం డాక్టరు గారు చెవిని కొత్తగా కొన్న కళ్ళజోడు కాడకే చిన్న తీగతో బిగించాడు. ఇప్పుడు జోడు తీస్తే చెవీ వస్తుంది. జోడు పెడితే చెవీ పెట్టినట్టే.

ఏలూరు బజారులో నడిచి స్టేషనుకి వచ్చాను. తలగుడ్డ లేకుండా. పండ్ల దుకాణం ముందు ఆగాను, జనం మధ్యలోంచి నడిచాను. ఎవరూ చూడలేదు మంగా. ఒక్కరు కూడా ఆగి చూడలేదు. జాలీ లేదు, నవ్వూ లేదు. అది ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పను? రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం దుఃఖం ఆగలేదు. ఒక్కళ్ళు చూస్తే చాలు అనిపించింది. ఆ ఒక్కళ్ళు నువ్వు.

దెందులూరు దాటాక చేలు కనిపించాయి. ఊడ్పులు అయిపోయాయి. గట్ల మీద కొంగలు వాలి ఉన్నాయి. తెల్లటి మరకలు కాదు, మెడలూ ముక్కులూ ఉన్న కొంగలు. చాలా రోజుల తరవాత చూశాను.

ఇంట్లో అత్తయ్య నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయింది. దగ్గరికి వచ్చి, మెటికలు విరిచి, లోపలికి వెళ్ళిపోయింది. చిట్టి మాత్రం ఒళ్ళోకెక్కి కొత్త చెవి పట్టుకుని తిప్పి చూసింది. గోటితో గీకింది.

"ఇది అమ్మ చేసింది కాదు కదా నాన్నా?"

కాదన్నాను.

"అమ్మ చెవే బాగుంది" అంది.

దానికి నీ మొహం సరిగ్గా గుర్తులేదేమోనని నాకు లోపల భయంగా ఉండేది. కానీ నీ చేతి పని గుర్తుంది. రబ్బరు చెవి ఎండకి వేడెక్కుతుంది, బంక రాసిన చోట దురద పెడుతుంది. అందుకని ఇంటికి రాగానే దాన్ని తీసి, పాత కళ్ళజోడుకి నీ బెండు చెవి కట్టుకుంటున్నాను. బజారుకి డాక్టరు గారిది, ఇంటికి నీది. చిట్టి ఆ చెవి పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దుతోంది.

నన్ను మళ్ళీ కాటా దగ్గర పెట్టారు. అత్తిలి రైతు బండి తోలుకొచ్చి నన్ను చూసి, "ఏవండోయ్, మళ్ళీ వచ్చేశారే!" అన్నాడు. చెవి సంగతి అడగలేదు. వడ్లు ఎలా తూగాయో అడిగాడు. నాకు అదే కావలసింది.

ఇక ఒక్క విషయం ఉంది. దాని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఎటో వెళ్ళిపోయాను.

గణపవరం నుంచి వచ్చి మిల్లులో తవుడు ఊడ్చే పిల్ల ఉంది, సత్యవతి. నువ్వు ఎరగవు, కొత్తగా చేరింది. పోయిన నెలలో ఊక ఎగిరి కంట్లో పడి, కన్ను చీము పట్టి, చివరికి తీసేశారు. కంటికి ఎంతివ్వాలో చట్టంలో ఉంది కాబట్టి షావుకారు గారు ఇచ్చేశారు. ఆ పిల్ల తల్లి గాజు కన్ను పెట్టించమని అడిగింది. గాజు కంటితో చూపు రాదు కదా, ఇంకెందుకన్నారట ఆయన. మళ్ళీ అదే మాట! ఒకసారి నేర్చుకున్నది మనిషికి ఎందుకు నిలవదు మంగా? లేక ఎవరో ఒకరు ప్రతిసారీ అడగాల్సిందేనా?

ఆ పిల్ల కొంగు మొహం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగి ఊడుస్తోంది. నేను చూసి, తలగుడ్డతో సంచులు తడుముకున్న రోజులు తలుచుకున్నాను. రెండు రోజులు నాలో నేను మాటలు కూర్చుకున్నాను. నీకైతే మెట్టు కింద నిలబడగానే మాట వచ్చేది. నాకు రాదు కదా.

నిన్న మధ్యాహ్నం షావుకారు గారి దగ్గరికి వెళ్ళాను. కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. కళ్ళజోడు తీసేశాను. దాంతో చెవీ వచ్చేసింది. రెండూ ఆయన బల్ల మీద పెట్టాను. మచ్చ కనిపించేలా నిలబడి, సత్యవతి కంటి గురించి వచ్చానన్నాను. "అయ్యగారండీ, నాకిప్పుడు తమరు సరిగ్గా కనబడటం లేదు. అయినా వినబడుతోంది. చెప్పండి, ఇలాగే కాటా దగ్గర నిలబడమంటారా?" అన్నాను.

ఆయన ఆ చెవి వంక చూస్తూ కూర్చున్నారు... అలా చూస్తున్నారని అనుకుంటున్నాను, నాకు మసగ్గానే ఉంది. తరవాత బల్ల మీది కళ్ళజోడు తీసి తనే నా చేతికిచ్చారు.

"ఆ పిల్లని ఏలూరు తీసుకెళ్ళి కొలతలిప్పించండి. మద్రాసు నుంచి తెప్పిద్దాం" అన్నారు.

ఆదివారం సత్యవతినీ, దాని తల్లినీ తీసుకుని ఏలూరు వెళ్తున్నాను. ఆ పిల్ల భయపడుతోంది. బజారులో ఎలా నడవాలి అంటోంది. నేను ఎడమ పక్కన నడుస్తానని చెప్పాను. దాని పోయిన కన్ను ఎడమదే. ఇంకెవరు వచ్చి అడిగినా, మాట తడబడినా, నేను వెళ్ళి నిలబడతాను మంగా. ఇది నీకు మాట.

అత్తయ్య అన్నానికి పిలుస్తోంది.

ఇట్లు,
నీ వీర్రాజు